రెండు బద్దలు తక్కువ

వంతెన మీద నడిస్తే మా ఇంటి నుంచి ఏటి అవతలి ఒడ్డుకి పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం వెళ్ళడానికి మా నాన్నకి నాలుగు నెలలు పట్టింది. వానలు మొదలయ్యే ముందు బయల్దేరి, ఆకాశం తేటపడ్డాక చేరాడు. మధ్యలో జరిగిందంతా చెక్కా, జిగురూ, ఉప్పుకాగితం, మా అత్త సాధింపూ.

నాన్న కటింగ్ మాస్టరు. మా వీధి గదే దుకాణం. గుడ్డ కోసేది ఆయన, కుట్టేది నేను. వచ్చేపోయే వాళ్ళని నోటితో ఉతికి ఆరేసేది మా అత్త, అంటే నాన్నకి అక్క. ఎవరి పని వాళ్ళం చేసుకుంటూ బాగానే ఉన్నాం. అంతకుముందు చలికాలంలో ఒకరోజు నాన్న ఒక కోటు గుడ్డ కోశాడు. ఏటి అవతల ఉండే లెక్కల టీచరుది ఆ గుడ్డ. ఆయన భార్య బతికుండగా ఏరి కొని, కుట్టించుకోమని పోరిపోరి, కోటు చూడకుండానే పోయిందట. నాన్న అందులో రెండు చేతులూ ఎడమ చేతులే కోశాడు. ఒక చెయ్యి కోశాక కాగితం నమూనా తిరగేసి పెట్టాలి. తిరగెయ్యలేదు. పని నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో చేసే తప్పు అది. మిగిలిన ముక్కలో ఇంకో చెయ్యి రాదు.

సరిగ్గా అప్పుడే టీచరు గుమ్మంలోకి వచ్చాడు. నేను నాన్న చేతిలోంచి కత్తెర లాక్కున్నాను. "పెద్దాయన అయిపోయాడండీ. చూపు ఆనడం లేదు, చెయ్యి వణుకుతోంది. మీరేం అనుకోకండి" అన్నాను. టీచరు ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి మడతపెట్టుకుని, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పూర్తిగా మానేసినా బాగుండేది, దెబ్బలాడటానికి వీలుండేది. ఆయన అవసరం మేరకు మాట్లాడేవాడు. "దారం అయిపోయింది." "ఎవరో వచ్చారు." "ఫ్యాను కట్టెయ్." అంతే. నా కాజాలకి వంకలు పెట్టనిదే పూట గడవని మనిషి, కాలరు కుడితే ఇది కాలరా తలగడా అని వీధంతా వినపడేలా అడిగే మనిషి, నన్ను తిట్టడం కూడా మానేశాడు. అంతకాలం ఆ తిట్లకి విసుక్కున్నదాన్నే, అవి లేకపోయేసరికి ఇంట్లో ఊపిరాడలేదు. ఆయన మళ్ళీ నాతో నోరు విప్పి మాట్లాడాలి. ఆ సంవత్సరం నాకు వేరే కోరికేదీ లేదు.

పడవ సంగతి పాత కాగితాల కొట్టు దగ్గర మొదలైంది. నమూనాలు గీసుకోవడానికి మేం ఎప్పుడూ పెద్దపెద్ద పాత కాగితాలు తెచ్చుకుంటాం. వానలకి ముందు తెచ్చిన కట్టలో ఒక చుట్ట ఉంది. నాన్న దాన్ని బల్ల మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిన వంపు గీతలు, పక్కన అంకెలు.

అత్త కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఎవరి కొలతలురా ఇవి? మెడ లేదు, చంకలు లేవు. పాపం, ఎవరో మహా లావుపాటి మనిషి."

"మనిషి కాదక్కా. పడవ." నాన్న వేలితో ఒక గీత వెంబడి వెళ్ళాడు. "సగమే గీశారు. మడత మీద పెట్టి కోసుకోవాలి. మనలాగే."

మూడు రోజులు ఆ కాగితం చుట్టూనే తిరిగాడు. నాలుగోరోజు పొద్దున్నే కటింగు బల్లనీ ఇస్త్రీ బల్లనీ ఒకదానికొకటి కలిపి, రెండిటికీ కింద పట్టీలు కొట్టి ఒకటే పొడుగు బల్ల చేశాడు. అంటే ఆ రోజు నుంచి నేను గుడ్డ నేల మీద పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కోసుకోవాలన్నమాట.

"బట్టలు కోసుకునేవాడికి పడవలెందుకురా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు!" అంది అత్త.

"అవసరం ఉంది" అన్నాడు నాన్న.

"ఎక్కడికి నాన్నా?" అన్నాను నేను.

నాన్న బల్ల కింద ఇంకో మేకు దిగ్గొట్టాడు.

వీధి చివర ఒక వడ్రంగి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడని అందరూ నిట్రాడు అంటారు. చెక్క కోసి ఇవ్వమని నాన్న కబురు పెడితే వచ్చి, గదంతా ఒకసారి పరికించి చూశాడు. "మాస్టారూ, ముందు గుమ్మం కొలిచారా? అంతా అయ్యాక గోడ పగలగొట్టమనేరు."

"కొలవకుండా నేనెప్పుడైనా ఏదైనా మొదలుపెట్టానా?"

నిట్రాడు చెంపలేసుకుని, బద్దలు కోయడానికి వెళ్ళిపోయాడు.

ఆ పడవ కట్టే పద్ధతి చెప్పడానికి తేలికే. కాగితం మీది వంపుల ప్రకారం ప్లైవుడ్డుతో అచ్చులు కోసి, బల్ల మీద అడుగుకొకటి చొప్పున నిలబెట్టాలి. బొటనవేలంత వెడల్పూ, పొడుగ్గా పల్చగా ఉండే చెక్క బద్దల్ని వాటి మీద వంచి, ఒకదాని పక్కన ఒకటి జిగురుతో అతికించుకుంటూ పోవాలి. పడవ బోర్లా తయారవుతుంది. అంచు దగ్గర మొదలుపెట్టి రెండు వైపుల నుంచీ పైకి వస్తే, చివరి బద్దతో అడుగు మూసుకుంటుంది. అప్పుడు పైన గాజు పోగులతో నేసిన గాజు గుడ్డ పరిచి, ఆరితే గట్టిపడే రెజిన్ పూయాలి, అచ్చులు తీసేసి లోపల కూడా పూయాలి. ఇంతే. చెప్పినంత తేలిక కాదని తెలుసుకోవడానికి మాకు రెండో బద్ద దాకా పట్టింది.

నాన్న చెయ్యి వణకడం నిజమే. పిన్ను కొట్టేటప్పుడు కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకునేవాడు. ఒక్కో బద్ద మీద పాతిక పిన్నులు. జిగురు ఆరాక ఆ పాతికా పీకాలి. వాన పడుతున్నప్పుడు దుకాణానికి ఎవరూ రారు కాబట్టి, చినుకు మొదలైతే చాలు నేను మిషను వదిలి ఆయన పక్కకి వెళ్ళి నిలబడేదాన్ని. "పట్టుకో" అనేవాడు. పట్టుకునేదాన్ని. "వదులు" అనేవాడు. వదిలేదాన్ని. ఆ రెండు మాటలే నాకు దక్కినవి. వాటి కోసమే వాన కురవాలని కోరుకున్న రోజులున్నాయి.

ఒకసారి వంపు ఎక్కువున్న చోట బద్ద ఫెళ్ళున విరిగి నాన్న చెంప మీద గీరింది. ఇంకోసారి ఆరని జిగురు మీద అత్త చీర కొంగు అంటుకుని, ఆవిడ ఒక పూటంతా పడవకి కట్టేసినట్టు నిలబడింది. నాన్న ఆగలేదు. విరిగింది తీసి పక్కన పెట్టేవాడు, తడిగుడ్డతో జిగురు తుడిచేవాడు, ఇంకోటి అందుకునేవాడు. కొత్త చొక్కాలకి వచ్చినవాళ్ళు పడవ అంచున నిలబడే కొలతలిచ్చేవారు. "మొండివాడు రాజు కన్నా బలవంతుడు, మనకెందుకు లెండి" అని అత్తే వాళ్ళకి సర్దిచెప్పేది.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో అడుగు మూసుకునే ఘట్టం వచ్చింది. రెండు వైపుల నుంచీ వచ్చిన బద్దలు మధ్యలో కలవాలి. ఆ సంబరం చూడ్డానికి నిట్రాడు కూడా వచ్చాడు. నాన్న చివరి బద్ద చెక్కి, జిగురు పూసి, కూర్చోబెట్టాడు. మధ్యలో పొడుగ్గా, కంటి ఆకారంలో ఒక సందు మిగిలిపోయింది. మూలన చూస్తే బద్దలు లేవు.

"రెండు బద్దలు తక్కువ" అన్నాడు నిట్రాడు. "అదెలా? కాగితంలో రాసిన లెక్కకి నాలుగు ఎక్కువే కోశాను. విరిగినవి నాలుగే కదా?"

నేను బల్ల కిందికి దూరి, కాగితం నమూనాని ఒక అచ్చుకి ఆనించి చూశాను. అచ్చు పెద్దది. అరంగుళం. ఇంకో అచ్చు చూశాను. అరంగుళం. ఎక్కడ చూసినా, చుట్టూతా, వెంట్రుకవాసి తేడా లేకుండా అరంగుళం. తప్పు కూడా అంత నీటుగా చేసే మనిషి మా నాన్న ఒక్కడే.

చొక్కా కోసినా, లంగా కోసినా, కోటు కోసినా గీత బయట కుట్టుకి అరంగుళం వదలాలి. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి అదే చేసింది. చెక్కకి కుట్టు ఉండదని ఎవరూ దానికి చెప్పలేదు. ఒక్కో వైపు పెరిగిన వంపు సరిగ్గా ఒక్కో బద్దని మింగేసింది.

నేను బల్ల కింద నుంచి బయటికొచ్చేసరికి నిట్రాడు అడుగుతున్నాడు. "ఈ అచ్చులు గీసిందెవరు?"

నాన్న నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "నేనే. అలవాటు కొద్దీ కుట్టుకి వదిలేశాను. నాన్న చూసుకోలేదు, వయసు మీద పడింది కదా, మీరేం అనుకోకండి."

నాన్న చేతిలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"అబద్ధం" అన్నాడు నిట్రాడితో. "నేను గీశాను. గుడ్డనుకుని కుట్టు కలిపాను. తప్పు నాది." తర్వాత నా వైపు తిరిగాడు. చలికాలం తర్వాత ఆయన నా మొహంలోకి చూడటం అదే మొదలు. "నా తప్పు నన్ను ఒప్పుకోనివ్వవా అమ్మాయ్?"

"నిన్ను ఎవరూ ఏమీ అనకూడదని..."

"అంటే అననీ. పడతాను. నాకు నోరు లేదా?" ఆయన గొంతు పెంచలేదు. "కత్తెర లాక్కున్నావు, మంచిపనే చేశావు. అది నీ చేతిలో ఉండాల్సిందే ఇక. దానికి నాకు కోపం లేదు. కానీ ఆ మనిషి గుడ్డ ఇచ్చింది నాకు. కోసింది నేను. నా ఎదురుగా నిలబడ్డాడు. నువ్వు మధ్యలోకొచ్చి, నేనక్కడ లేనట్టే, పెద్దాయన అన్నావు, చూపు ఆనదన్నావు. ఆ రోజు తప్పు చూపుదీ కాదు, చేతిదీ కాదు. నోటిది. నీ కాజాలకి వంకలు పెడుతూ, ధ్యాస లేకుండా కోశాను. ఆ మాట ఆయనకి చెప్పాల్సింది నేను. నువ్వు నా వయసు మీదికి నెట్టేసి పంపించేశావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్ని నెలలూ కత్తెర గురించే కుమిలిపోయాను. ఆయన మనసులో కత్తెర ఊసే లేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే అని నేను ఆ రోజే అనుకున్నాను" అంది అత్త తలుపు దగ్గర నుంచి. మళ్ళీ తమ్ముడి మీదికి తిరిగింది. "నువ్వైనా వంతెన దాటి వెళ్ళి చెప్పి రావచ్చుగా?"

"మూడుసార్లు వెళ్ళానక్కా. ఆ వీధిలో సగం మంది తొడుక్కున్నవి నేను కోసిన బట్టలే. ప్రతి గుమ్మం దగ్గరా ఆపి, మాస్టారూ ఇలా వచ్చారేం, టీ తాగి వెళ్ళండి అంటారు. ఆయన ఇల్లు వచ్చేసరికి కూడగట్టుకున్న ధైర్యమంతా వాళ్ళ పలకరింపులకే అయిపోతోంది. మూడుసార్లూ వెనక్కొచ్చేశాను." పడవ వైపు చూపించాడు. "ఆయన పెరట్లోంచి ఏట్లోకి మెట్లున్నాయి."

నవ్వాలో ఏడవాలో తెలియక నిట్రాడు చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "బద్దలు కోసిన ఎర్ర దుంగ అయిపోయింది మాస్టారూ. నా దగ్గర నల్లటి చెక్క ఉంది గానీ, రంగు కలవదు."

"గుడ్డ చాలకపోతే ఏం చేస్తాం? అతుకు వేస్తాం. నల్లదే తీసుకురా."

అలా ఎర్రటి పడవ అడుగున రెండు నల్ల బద్దలు పడ్డాయి. ఆ తర్వాత నాన్న మళ్ళీ నోరు కట్టేసుకున్నాడు. చెప్పాల్సిన చోట చెప్పేదాకా ఆ మనిషి నాతో మామూలుగా ఉండలేడని నాకప్పుడు అర్థమైంది. ఇక నేను కూడా పట్టుబట్టాను. తెల్లవారగానే లేచి రెండు గంటలు ఉప్పుకాగితం రుద్దేదాన్ని. భుజాలు పడిపోయేవి. మిషను తొక్కుతుంటే కాళ్ళకి కూడా చెక్కపొడే. ఒప్పుకున్న బట్టలన్నీ ఆలస్యమయ్యాయి, అడిగినవాళ్ళకి పడవ చూపించేదాన్ని.

గాజు గుడ్డ పరిచే రోజు గాలిలో తడి తగ్గలేదు. ఇలా అయితే రెజిన్ ఆరదన్నాడు నిట్రాడు. నాన్న ఆలోచించి, ఇంట్లో ఉన్న మూడు ఇస్త్రీ పెట్టెల్నీ వేడిచేయించి, తీగలు పీకేసి, రాళ్ళ మీద వరసగా బల్ల కింద పెట్టాడు. గంటకి గది పొడిబారింది. గాజు గుడ్డ తెల్లగా, జారుడుగా, ఎటు లాగితే అటు ముడతపడేలా ఉంది. చెక్కలో పండిపోయిన నిట్రాడు దాని ముందు చేతులెత్తేశాడు. నాన్న అరచెయ్యి ఆనించి, మధ్య నుంచి అంచుకి నిమురుతూ వెళ్ళాడు. ఎక్కడా ఒక్క మడత లేకుండా గుడ్డ పడవకి ఒళ్ళంతా పట్టేసింది. గుడ్డ మీద ఆ చెయ్యి వణకలేదు. నేను ఒక మూల సర్దబోయాను.

"అక్కడ లాగకు. దానంతట అదే పడాలి."

అయిదు మాటలు! ఆ పూటంతా వాటినే తలుచుకుంటూ గడిపాను. మిగిలిన అంచులు నన్నే కోయమన్నాడు. రెజిన్ పోయగానే తెల్లగుడ్డ మాయమై, చెక్క రంగు ఒక్కసారిగా లోపలి నుంచి పైకొచ్చింది. అత్త కూడా సాధించడం మరిచిపోయి చూసింది.

అంచు పట్టీలు, రెండు పీటలు, రెండు తెడ్లు అయ్యేసరికి ఆకాశం పూర్తిగా తేటపడింది. పడవని పక్కకి వాల్చి గుమ్మం దాటించి, బోర్లించి తల మీద పెట్టుకుని వీధిలోంచి ఏటికి నడిచాం. ముందు నిట్రాడు, వెనక నేను, మధ్యలో నాన్న. "మాస్టారూ, ఈ కోటు ఎవరికి?" అని ఎవరో అరిచారు. మూడు రోజులు ఒడ్డు వెంబడే నేర్చుకున్నాం, నిట్రాడు నడుం లోతు నీళ్ళలో నడుస్తూ తాడు పట్టుకుంటే. నాన్న కలిపిన కుట్టు పుణ్యమో ఏమో, పడవ పెద్దగా ఊగలేదు. మొదటిరోజు గుండ్రంగా తిరిగాం. రెండోరోజు వెనక్కి వెళ్ళాం. మూడోరోజు అనుకున్న వైపుకి వెళ్ళాం.

నాలుగోరోజు పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి ముందు పీట మీద కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. నిట్రాడు తాడు విప్పేశాడు. ఏరు దాటుతున్నంతసేపూ నాన్న అవతలి మెట్ల వైపే చూశాడు. మెడ వెనక చెమట పట్టి కాలరు తడిసిపోతోంది.

టీచరు ఇంటి మెట్ల దగ్గర పడవ ఆగింది. నాన్న దిగబోయి మోకాళ్ళ దాకా నీళ్ళలో పడ్డాడు. తమాయించుకుని మెట్టు ఎక్కాడు.

"నువ్విక్కడే ఉండు."

"సరే."

"నోరు మెదపకు."

"సరే నాన్నా."

తడిసిన ప్యాంటుతో పెరడు దాటి వెళ్ళి వెనక తలుపు తట్టాడు. కాసేపటికి టీచరు వచ్చాడు. బనీనులో ఉన్నాడు, చేతిలో గరిటె. నాకు మాటలు వినపడటం లేదు. నాన్న చెబుతున్నాడు. వణికే చేతిని ఎవరికీ కనపడకుండా జేబులో పెట్టుకునే మనిషి, రెండు చేతులూ ముందుకు చాపి, కోటు చేతులు ఎలా కోశాడో చూపిస్తున్నాడు. రెండూ ఒకే వైపుకి. టీచరు మొహంలో ఏ మార్పూ లేదు. "టీచరుగారూ, పెద్దాయన..." అన్న మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మెట్టు అంచు రెండు చేతులతో పట్టుకుని, పెదవి కొరుక్కుని, దాన్ని మింగేశాను. ఆ నాలుగు నెలల్లో నేను చేసిన కష్టమైన పని ఉప్పుకాగితం రుద్దడం కాదు, అదే.

టీచరు ఏదో ఒక మాట అన్నాడు. లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. నాన్న ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి పడవలో కూర్చున్నాడు. నేను తెడ్డు వేశాను.

ఏటి మధ్యకి వచ్చాక ఆయనే అన్నాడు. "అడగవేం?"

"అడగను."

"'ఆ గుడ్డ ఇక దొరకదు మాస్టారూ' అన్నాడు. తలుపేసుకున్నాడు."

"అంతేనా?"

"అంతే. వేసుకోడా మరి? నేనైతే మొహం మీదే వేద్దును." నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన భుజాలు కిందికి దిగడం వెనక నుంచి నాకు కనిపించింది. "మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు."

నాలుగు తెడ్లు పడ్డాయి. అయిదోది వేస్తుండగా, తల తిప్పకుండానే అన్నాడు. "అదేం వెయ్యడం? చప్పుడు బట్టే తెలుస్తోంది. నీళ్ళని సూదితో పొడిచినట్టు పొడుస్తావేం?"

నేను ఇంకో తెడ్డు వేశాను.

"భుజంతో వెయ్యాలి, మణికట్టుతో కాదు. మిషనూ అంతే తొక్కుతావు, పాదం ఒకచోట మనసు ఒకచోట. మొన్న ఆ పొట్టాయనకి కుట్టిన కాలరు చూశాను. కాలరా అది? చెయ్యి విరిగినవాళ్ళకి కట్టే కట్టులా ఉంది. ఏదో చూడనట్టు ఊరుకుంటే నాకు కళ్ళు పోయాయనుకుంటున్నావా? ఆ నీలం చొక్కా కాజాలైతే ఎలకలు కొరికినట్టున్నాయి. చలికాలం నుంచీ చూస్తున్నాను..."

చలికాలం నుంచీ నేను కుట్టిన ప్రతి గుడ్డనీ వరసగా ఏకరువు పెట్టాడు. ఒక్కటీ మరిచిపోలేదు. నాకు కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. వెనక కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

మా ఒడ్డు దగ్గరపడుతోంది. అక్కడ అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొదలుపెడితే ఇక ఈయనకి సందు దొరకదు. నేను తెడ్డు పైకెత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. పడవ నెమ్మదించింది.

"ఆపావేం?" అన్నాడు నాన్న.

"చెయ్యి నొప్పి."

"భుజంతో వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.